దొర నుండి మేనేజరు దాకా: సింగరేణి గనుల్లో పని, పెత్తనం, మన్నన

ప్రతి ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుకుంటాము. 1920లో అదే రోజున సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ రిజిస్టరు అయింది. ఆనాటి వేదికల మీద ఉత్పత్తి లెక్కలు, లాభాల లెక్కలు, కొత్త గనుల వివరాలు వింటాము. అవన్నీ చరిత్రలో భాగమే. కాని గనిలో పనిచేసినవాడిని పైవాడు ఏమని పిలిచాడు, పైవాడిని పనివాడు ఏమని పిలిచాడు, హాజరు పుస్తకం ఎవరి చేతిలో ఉండేది, తప్పు జరిగితే ఎవరిని అడిగేవారు అన్నది కూడా చరిత్రే. ఈ రెండో చరిత్ర కంపెనీ వార్షిక నివేదికల్లో కనిపించదు. మన ప్రత్యేక సంచికలో దానికి కొన్ని పుటలు కేటాయించడం సముచితమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

లండన్ కంపెనీ, ఇల్లెందు గని

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. అక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు నేటికీ కింగ్ సీమ్ అన్న పేరే వాడుకలో ఉంది. 1886లో ఇంగ్లండులో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ నిజాం రాజ్యంలో ఖనిజాలు త్రవ్వుకునే హక్కు సంపాదించింది. ఆ ఒప్పందం వెనుక జరిగిన వాటాల వ్యాపారం పెద్ద దుమారం లేపి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. ఇల్లెందులో త్రవ్వకం 1889లో మొదలయింది. సమీపంలోని సింగరేణి గ్రామం పేరు గనులకు, తర్వాత కంపెనీకి స్థిరపడింది.

1920లో ఏర్పడిన కొత్త కంపెనీ పాత కంపెనీ ఆస్తులన్నింటినీ తీసుకున్నది. మద్రాసులోని బెస్ట్ అండ్ కంపెనీ కార్యదర్శులుగా, అమ్మకపు ఏజెంట్లుగా వ్యవహరించింది. అంటే యజమాని ఒక దేశంలో, వ్యవహారం చూసేవాడు మరో నగరంలో, గని నిజాం రాజ్యంలోని అడవిలో. ఇంత దూరాన ఉన్న యజమానిని కార్మికుడు ఎన్నడూ చూడలేదు. అతనికి కనిపించిన యాజమాన్యం అంటే గని మీద ఉన్న మేనేజరు, ఆయన కింద ఓవర్‌మన్, ఆ కింద సర్దార్.

చుట్టుపక్కల పల్లెల్లో భూస్వామిని ఏమని పిలిచేవారో, గని మీద మేనేజరునూ అదే మాటతో పిలిచారు: దొర. ఊరి దొర పోయి బాయి దొర వచ్చాడు. పల్లెలో వెట్టి చేసి, ఆ బాధ పడలేక గనికి వచ్చినవారికి ఈ మాట కొత్తది కాదు. బంగళా, బంగళా చుట్టూ ప్రహరీ, ఎదురుపడితే చెప్పులు చేతబట్టి పక్కకు జరగడం, ఇవన్నీ మాటతోపాటే వచ్చాయి. అయినా ఒక తేడా ఉంది. ఊరి దొర దగ్గర చేసిన పనికి కూలి ఇంత అన్న లెక్క లేదు. బాయి మీద, ఎంత తక్కువైనా, లెక్కగట్టిన కూలి ఉంది. ఆ తేడా కోసమే వేలాది కుటుంబాలు గని బాట పట్టాయి. తెలంగాణ పల్లెల నుండే కాక ఇతర ప్రాంతాల నుండి కూడా మనుషులు వచ్చారు. 1920ల చివర బెల్లంపల్లి ప్రాంతంలో, 1930ల చివర కొత్తగూడెంలో, 1960 ప్రాంతంలో రామగుండంలో గనులు తెరుచుకున్నకొద్దీ ఈ వలస కొనసాగింది.

గనిలో పుట్టిన భాష కూడా ఈ కలయికను చూపిస్తుంది. మేనేజరు, ఓవర్‌మన్, షాట్‌ఫైరర్, ట్రామర్, టింబర్‌మన్ అన్నవి ఇంగ్లీషు వాళ్లవి. సర్దార్, హాజరు, నాగా, మజ్దూర్ అన్నవి ఉర్దూ నుండి వచ్చినవి. తట్ట మన తెలుగుదే. బొగ్గు ఎత్తే పారను చెమ్మస్ అన్నారు. ఈ తట్టా చెమ్మస్ అన్న జంట మాట బొగ్గు ఫిల్లర్ జీవితానికే పర్యాయపదమైంది.

యజమాని మారాడు, చట్టం వచ్చింది

1945లో నిజాం ప్రభుత్వం కంపెనీ వాటాల్లో అధికభాగం కొనుగోలు చేసింది. 1945 నుండి 1949 వరకు హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేనేజింగ్ ఏజెంటుగా ఉండగా, 1949లో ఆ బాధ్యతను ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్‌కు అప్పగించారు. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆధిపత్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. 1960 నుండి కేంద్ర ప్రభుత్వం కూడా వాటాదారు అయింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. దేశంలోని ఇతర బొగ్గు గనులను 1970ల ఆరంభంలో జాతీయం చేసినప్పుడు సింగరేణిని చేయవలసిన అవసరం రాలేదు. అప్పటికే అది ప్రభుత్వ సంస్థ.

1940లలో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటి నాయకులు అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ నిర్మించారు. సింగరేణిలో ఆ తరం సంఘ నాయకుడైన దేవూరి శేషగిరి పేరు కొత్తగూడెంలోని శేషగిరి భవన్ రూపంలో నిలిచి ఉంది. సంఘం అన్న మాట పలకడమే నేరమైన రోజులవి. వారు మొదట కోరింది పెద్ద జీతం ఒక్కటే కాదు. మనిషిని మనిషిగా పిలవాలని, చేయి చేసుకోరాదని, కూలి లెక్క చూపాలని కోరారు.

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం నుండి చట్టాలు వరుసగా వచ్చాయి. 1947లో బొగ్గు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం, 1948లో ప్రావిడెంట్ ఫండ్, బోనస్ పథకాల చట్టం, 1952లో గనుల చట్టం, 1957లో బొగ్గు గనుల నిబంధనలు. వీటితో రోజువారీ జీవితంలో వచ్చిన మార్పు ఇంతా అంతా కాదు. భూగర్భంలో రోజుకు 8 గంటలకు మించి పని చేయించరాదు. మేనేజరుకు అర్హత సర్టిఫికెట్టు ఉండితీరాలి. సర్దార్ షిఫ్టుకు ముందు పని స్థలాలు చూసి, రిపోర్టు వ్రాసి సంతకం పెట్టాలి. కర్రతో పైకప్పును తట్టి, బోలుగా మోగితే మనుషుల్ని ఆ చోటికి పోనివ్వకూడదు. ప్రమాదముందని తోస్తే కార్మికులను వెనక్కు పంపే అధికారం ఆయనకు చట్టమే ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చట్టం మేనేజరుకు పెత్తనం ఇచ్చింది, అంతకు మించి బాధ్యతా పెట్టింది. గనిలో మనిషి చనిపోతే జవాబు చెప్పవలసిన మొదటివాడు మేనేజరు. పై నుండి ఇన్ని టన్నులు కావాలన్న ఒత్తిడి, పక్క నుండి గనుల భద్రతా శాఖ తనిఖీ, ఎదుట కార్మికుల ఆగ్రహం. ఈ మూడింటి మధ్య నలిగిన మేనేజర్లు ఎందరో ఉన్నారు. రక్షణ గోడ కట్టనిదే పని సాగనివ్వనని పై అధికారికి ఎదురు చెప్పిన వారూ ఆ వరుసలో ఉన్నారు. కార్మికులు అటువంటి వారిని దొర అనలేదు. పేరుకు సారు చేర్చి పిలుచుకున్నారు.

మస్టర్, టబ్బు

నేటి యువకులకు మస్టర్ అంటే ఒక వేలిముద్ర యంత్రం. ఆనాడు అది మనిషి తలరాత. గనుల చట్టం 52వ సెక్షన్ ప్రకారం భూగర్భ కార్మికుడికి ఏడాదిలో 190 హాజర్లు, ఉపరితల కార్మికుడికి 240 హాజర్లు ఉంటేనే జీతంతో కూడిన సెలవు హక్కు వచ్చేది. బదిలీ ఫిల్లర్ పర్మినెంటు కావడానికీ ఈ లెక్కే ఆధారమయింది. బోనస్ కూడా హాజరు మీద ఆధారపడేది. అక్రమ సమ్మెలో ఉంటే ఆ మూడు నెలల బోనస్ పోయేది. కనుక ఒక్క మస్టర్ పడడం, పడకపోవడం ఇంటి వంటపొయ్యి దాకా పోయే సంగతి.

బదిలీ ఫిల్లర్ అంటే ఎవరైనా నాగా పెడితే ఆ చోట పనికి పోయేవాడు. తెల్లవారకముందే బాయి మీదికి వచ్చి, పేరు పిలుస్తారా లేదా అని నిలబడాలి. పని దొరకకుంటే టిఫిన్ డబ్బా మూత విప్పకుండా ఇంటికి తిరిగి పోవాలి. పేరు పిలిచేవాడి చేతిలో ఎంత బలముంటుందో చెప్పనక్కరలేదు. ఆ బలాన్ని న్యాయంగా వాడినవారున్నారు, అన్యాయంగా వాడినవారున్నారు. నియమం వ్రాతపూర్వకంగా గోడ మీద లేనంతకాలం, మంచితనం ఆ మనిషి స్వభావం మీదనే ఆధారపడుతుంది. సంఘాలు సీనియారిటీ జాబితా గోడ మీద అంటించాలని పట్టుబట్టింది ఇందుకే. చూడడానికి ఇది చిన్న కోరిక. దొరతనం మీద పడిన పెద్ద దెబ్బ ఇదే అని నా అభిప్రాయం.

రెండోది టబ్బు. ఫిల్లర్‌కు కూలి నింపిన టబ్బుల లెక్కన. ఖాళీ టబ్బు వస్తేనే పని. హాలర్ ఆగినా, పట్టాలు తప్పినా, మందు పేల్చడం ఆలస్యమైనా కూలి పోతుంది. తప్పు ఫిల్లర్‌ది కాదు, నష్టం మాత్రం అతనిది. టబ్బులు ఏ ముఖానికి ఎన్ని పంపాలన్న నిర్ణయం సర్దార్‌ది, ఓవర్‌మన్‌ది. ఎక్కువ తగాదాలు ఇక్కడే పుట్టాయి. పని దొరకని రోజుకు కనీస వేతనం ఇవ్వాలన్న సూత్రం ట్రిబ్యునళ్లు, వేజ్ బోర్డుల చర్చల మీదుగా స్థిరపడింది. 1956 నాటి మజుందార్ అవార్డు, 1960లలో పనిచేసిన కేంద్ర వేజ్ బోర్డు ఈ దారిలో మైలురాళ్లు.

ఈ కష్టంలోనే ఒక బంధుత్వమూ పుట్టింది. గని లోపల కులం పేరు, ఊరి పేరు పైకి వచ్చేది తక్కువ. అన్నా, మామా, కాకా, తమ్మీ అన్న పిలుపులే ఎక్కువ. పైకప్పు చిటపటమంటే ముందు కేక వేసేవాడే ఆప్తుడు. బరువు ఎత్తలేని పెద్దవాని టబ్బు సగం తాను నింపి పంపిన పడుచువాళ్లు ప్రతి గనిలో ఉండేవారు. కంపెనీ ఏ సర్క్యులరులోనూ ఈ సంస్కృతిని నిర్దేశించలేదు. కార్మికులు తమంతట తాము కట్టుకున్నది.

ఒప్పందాలు, సమ్మెలు

1973లో బొగ్గు పరిశ్రమకు ఉమ్మడి ద్వైపాక్షిక వేతన సంఘం ఏర్పడింది. మొదటి జాతీయ వేతన ఒప్పందం 1975 జనవరి 1 నుండి అమలయింది. ఆ తర్వాత 1979, 1983, 1987, 1991, 1996 సంవత్సరాల నుండి వర్తించేటట్లు వరుస ఒప్పందాలు వచ్చాయి. రోజువారీ కార్మికులకు కేటగిరీలు, ఫిల్లర్లకు ఐదు-ఏ గ్రూపు, కరువు భత్యం, విధి నిర్వహణలో మరణిస్తే లేదా వైద్యపరంగా అన్‌ఫిట్ అయితే కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, ఇవన్నీ ఈ ఒప్పందాల ఫలితాలే. గనిలో కేటగిరీ మారడం అంటే పెళ్లిచూపుల్లో మాట మారడమంత సంబరం.

జీతం పెరిగింది గాని పాత పద్ధతులు అంత తొందరగా పోలేదు. పదిమంది లేదా అంతకు మించి కలిసి నోటీసు లేకుండా పని మానితే 8 రోజుల వేతనం దాకా కోయవచ్చునన్న వేతన చెల్లింపు చట్టపు నిబంధన గనుల్లో నిప్పు రాజేసింది. 1981లో ఈ కోతకు వ్యతిరేకంగా జరిగిన సమ్మె 56 రోజులు సాగింది. ఆ ఏడాదే సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. ఆ తరువాతి దశాబ్దంలో సంఘాలు పెరిగాయి, వాటి మధ్య పోటీ పెరిగింది. లాకప్పులు, ఎన్‌కౌంటర్లు, దాడులు, హత్యలు కోల్‌బెల్టు జీవితంలో భాగమయ్యాయి. భయం అధికారి వైపూ ఉండేది, కార్మికుని వైపూ ఉండేది. ఒక షిఫ్టులో టబ్బు విషయంలో మాట పెరిగితే గని మొత్తం ఆగిపోయిన సందర్భాలు లెక్కలేనన్ని. ఏడాదికి వందల సంఖ్యలో చిన్నా పెద్దా సమ్మెలు జరిగిన రోజులవి.

దీనిని కార్మికుల క్రమశిక్షణారాహిత్యం అని కొందరు తేల్చివేశారు. అది సగం నిజం కూడా కాదు. ఫిర్యాదు చెప్పుకోవడానికి గని దగ్గర ఒక కిటికీ, దానికి గడువులో జవాబు ఇచ్చే ఒక అధికారి ఉంటే ఆ సమ్మెల్లో చాలా భాగం జరిగేవి కావు. నెలల తరబడి కదలని దరఖాస్తు ఒక్క షిఫ్టు ఆపితే కదిలింది. ఆ పాఠం కార్మికుడికి నేర్పింది ఆఫీసు పద్ధతే.

లెక్క పుస్తకం తెరిచిన రోజులు

1990ల ఆరంభానికి కంపెనీలో లక్షకు పైగా ఉద్యోగులున్నారు. నష్టాలు పేరుకుపోయాయి. 1992లో కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు అయిన బి.ఐ.ఎఫ్.ఆర్. ముందుకు పోయింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు అప్పులు, వడ్డీల విషయంలో ఊరట ఇచ్చినా, కొన్నేళ్లకే మళ్లీ అదే గడప ఎక్కవలసి వచ్చింది. గనులు మూతపడతాయన్న మాట ప్రతి క్వార్టరులో వినిపించింది.

1997లో ఛైర్మన్ మరియు మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చిన ఎ.పి.వి.ఎన్. శర్మ గారి కాలంలో ఒక మార్పు జరిగింది. టన్ను బొగ్గుకు ఎంత ఖర్చవుతున్నది, ఎంతకు అమ్ముతున్నాము, మన గని నష్టమెంత అన్న లెక్కలను అధికారులు గని గనికీ పోయి కార్మికుల ముందు పెట్టడం మొదలుపెట్టారు. కుటుంబ సభ్యులకు కూడా చెప్పారు. సలహాలు అడిగారు. వంద సంవత్సరాలు తవ్వినవాడికి మొదటిసారి తన గని లెక్క తెలిసింది. 1998 సెప్టెంబరు 9న రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. ఎ.ఐ.టి.యు.సి. గెలిచింది. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి, ఎవరిని అడగాలో కార్మికునికి స్పష్టమయింది. సమ్మెలు తగ్గాయి, కంపెనీ నష్టాల నుండి లాభాల్లోకి వచ్చింది. లాభాల్లో ఉద్యోగులకు వాటా ఇచ్చే పద్ధతీ అక్కడి నుండే మొదలయింది. మధ్యలో ఒడిదుడుకులు ఎదురైనా గుర్తింపు ఎన్నికల సంప్రదాయం నిలిచింది. చివరిసారి 2023 డిసెంబరులో జరిగాయి.

ఈ ఘట్టాన్ని ఒక్క మనిషి గొప్పతనంగానో, ఒక్క సంఘం విజయంగానో చెప్పుకోవడం తేలిక. లెక్క దాచినంతకాలం అనుమానం పెరిగింది, లెక్క చూపించాక బేరం పెరిగింది. అనుమానం గనిని ఆపుతుంది. బేరం గనిని నడుపుతుంది.

యంత్రం వచ్చాక

1975లో రామగుండంలో మొదటి ఓపెన్‌కాస్టు, 1983లో లాంగ్‌వాల్ యంత్రాలు, ఆ పిమ్మట ఎస్.డి.ఎల్., ఎల్.హెచ్.డి. లోడర్లు వచ్చాయి. తట్టా చెమ్మస్ మెల్లగా మూలకు చేరాయి. నడుము విరిగే పని పోయినందుకు సంతోషించనివాడు లేడు. కాని యంత్రంతోపాటు మనుషులూ తగ్గారు. లక్ష దాటిన ఉద్యోగుల సంఖ్య నేడు నలభై వేల ప్రాంతానికి దిగింది.

ప్రమాదం మాత్రం పూర్తిగా పోలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకు వచ్చి 17 మంది మరణించారు. అదే ఏడాది అక్టోబరులో జి.డి.కె. 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. గనుల్లో భద్రతా కమిటీలు, కార్మికుల తరఫున తనిఖీదారులు నిబంధనల్లో ఉన్నారు. ఆ కమిటీలో కార్మికుడు నోరు విప్పగలడా లేదా అన్నదే ఒక గని పని సంస్కృతికి అసలైన కొలబద్ద. నోరు విప్పినవాడిని మరుసటి షిఫ్టు దూరపు ముఖానికి వేస్తే, ఆ కమిటీ కాగితం మీదనే ఉంటుంది.

వారసత్వ ఉద్యోగాల సంగతీ చెప్పాలి. ఒకనాడు తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కే ఏర్పాటు ఉండి, తర్వాత నిలిచిపోయింది. దానిని పునరుద్ధరించాలన్న నిర్ణయాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. 2018 నుండి వైద్య కారణాలపై కారుణ్య నియామకాలు సాగుతున్నాయి. 2011 సకల జనుల సమ్మెలో నెల రోజులకు పైగా గనులు ఆపిన కార్మికులు కోరుకున్నది తెలంగాణ ఒక్కటే కాదు. తమ పిల్లలకు ఆ గని మీద ఒక చోటు కూడా.

ఇప్పుడు మన ముందున్నవి

మన సంఘంలోని వారికి రెండు విషయాలు మనవి చేస్తాను.

మొదటిది పెన్షను. 1998 బొగ్గు గనుల పెన్షన్ పథకం వచ్చినప్పుడు వృద్ధాప్యానికి ఒక ఆసరా అనుకున్నాము. కాని ఆ పెన్షను ధరల సూచీతో ముడిపడలేదు. పనిలో ఉన్నవారికి మూడు నెలలకోసారి కరువు భత్యం మారుతుంది. దిగిపోయినవాడికి మారదు. మొదటి తరాల పెన్షన్‌దారులు, వితంతువులు తీసుకుంటున్న మొత్తం నెల మందులకు కూడా చాలదు. సర్వీసులో ఉన్నప్పుడు సాధించుకున్న మన్నన దిగిపోగానే ఆగిపోరాదు.

రెండోది కాంట్రాక్టు కార్మికులు. నేడు మట్టి తీసే పని, రవాణా, శుభ్రత, కాపలా వంటి పనుల్లో వేలాదిమంది కాంట్రాక్టరు కింద ఉన్నారు. వారు 2022 సెప్టెంబరులో వేతనాల కోసం సమ్మె చేశారు. వారి కోరికల పట్టీ చదివితే మన తాతల కాలం గుర్తుకు వస్తుంది: హాజరు లెక్క చూపాలి, కూలి చట్టం ప్రకారం ఇవ్వాలి, ప్రావిడెంట్ ఫండ్ జమ చేయాలి. యజమాని ఎవరో తెలియని కూలి అన్న పాత కథ కొత్త టెండరు కాగితం మీద మళ్లీ మొదలయింది. దీనిని మనం పక్కవారి సమస్యగా చూడరాదు. వారిలో చాలామంది మన ఇళ్ల పిల్లలే.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లో పాత జీతపు చీటీ, బదిలీ ఫిల్లర్ కార్డు, చార్జిషీటు, దానికి మీరిచ్చిన సంజాయిషీ, సంఘం రశీదు, సేఫ్టీ కమిటీ మినిట్స్ ఏవైనా ఉంటే చెదలకు వదలకండి. నకళ్లు తీయించి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. వ్రాయలేని వారు చెబితే వ్రాసుకోవడానికి మన సభ్యుల్లోనే చేయి తిరిగినవారున్నారు. మేనేజర్లుగా, ఓవర్‌మన్లుగా పనిచేసి దిగినవారు కూడా తమ వైపు సంగతులు వ్రాయాలని కోరుతున్నాను. ఆనాడు బల్లకు అటూ ఇటూ కూర్చున్నవారము, నేడు ఒకే సంఘంలో ఒకే బెంచీ మీద ఉన్నాము. ఇద్దరి మాటా చేరితేనే సింగరేణి చరిత్ర పూర్తి అవుతుంది.